శుభాశుభవాక్యములందుఁ గర్తృనిర్దేశము

తెలుఁగునాఁట దినచర్య పంచాంగముతో నారంభమై దిష్టి తీయుటతో ముగియుననుట పెద్ద యతిశయోక్తి కాదు. వర్జ్యము చూచుకొని పయనమగు నుద్యోగి, క్రొత్తబండి చక్రములక్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించు యువకుఁడు, ఆషాఢమునఁ గ్రొత్తకోడలిని బుట్టినింటికిఁ బంపు నత్తగారు, అంగడి గుమ్మమున మిరపకాయలతో నిమ్మకాయను గ్రుచ్చి వ్రేలాడఁగట్టు వర్తకుఁడు, వీరందఱు నొకే శాస్త్రము నెఱిఁగినవారు కారు, ఒకే దైవమును నమ్మువారును గారు. అయినను వీరి మాటలలో నొక విషయము పరీక్షింపఁదగినది కలదు. మంచిచెడ్డలు వచ్చినపుడు ఆ వచ్చుటకుఁ గర్త యెవరని వీరు చెప్పుచున్నారు? ఈ ప్రశ్న చూచుటకు వ్యాకరణపాఠమువంటిది. దాని ఫలము మాత్రము పాఠశాలలో నిలిచిపోవునది కాదు.

జ్యోతిషము శాస్త్రమగునా కాదా యను వివాదము వేఱు. 2001 వ సంవత్సరమున విశ్వవిద్యాలయముల ధనసహాయ సంఘము జ్యోతిర్విజ్ఞానమను పేర దానిని బోధనాంశముగాఁ బెట్టఁబూనఁగా, హైదరాబాదునందలి విజ్ఞానవేత్త పుష్పమిత్ర భార్గవ మొదలగువారు న్యాయస్థానమున కెక్కిరి. రాష్ట్రపు టున్నతన్యాయస్థానము త్రోసివేసిన యా వ్యాజ్యమును 2004 లో సర్వోన్నతన్యాయస్థానమును ద్రోసివేసెను. ఆ వాదమున నిరుపక్షములవారును బలికిన పలుకులు శాస్త్రలక్షణమునుగూర్చినవి. జనుల నోట నాడు వాక్యమును ఎవరును బట్టించుకొనలేదు. శాస్త్రము నమ్మఁబడినను నమ్మఁబడకున్నను వాక్యము తనపని తాను జేయుచునే యుండును.

పాణినీయమునఁ గర్త యనఁగాఁ గ్రియయందు స్వతంత్రుఁడు. ఆ స్వాతంత్ర్యము వస్తువునం దున్నదా, వక్తయొక్క తలంపునం దున్నదా యను ప్రశ్నకు వైయాకరణు లిచ్చిన సమాధానము ప్రసిద్ధమే. కారకములు వివక్షాధీనములు. దేవదత్తుఁడు కుండలో వండుచున్నాఁడని చెప్పవచ్చును. కుండ వండుచున్నదనియుఁ జెప్పవచ్చును. కట్టెలు వండుచున్నవనియుఁ జెప్పవచ్చును. పొయ్యి యొకటే, అన్న మొకటే. మాటాడువాఁడు దేనికి స్వాతంత్ర్యము నొసఁగఁదలఁచునో యది కర్త యగును. ఒక బిడ్డకు జ్వరము వచ్చినదనుకొందము. దశ బాగులేదనవచ్చును; గాలి సోఁకినదనవచ్చును; దిష్టి తగిలినదనవచ్చును; అమ్మవారు పోసినదనవచ్చును; ఎవరో చేసిరనవచ్చును. జ్వర మొకటే, బిడ్డ యొకఁడే. ఈ యైదు వాక్యములకును నడుమఁగల భేదము వస్తుభేదము కాదు, వివక్షాభేదము. కుండను గర్తగాఁ జేసినందువలనఁ గుండకుఁ గలుగు నష్టము లేదు. మనుష్యునిఁ గర్తగాఁ జేయునెడ మాట వేఱు.

ముందుగాఁ బంచాంగము. తిథివారనక్షత్రయోగకరణము లను నైదంగములు గణితమునకుఁ జెందినవి. ఉగాదినాఁడు చదువఁబడునది మాత్రము ఫలభాగము. అందు నవనాయకులు కలరు. చైత్రశుక్లప్రతిపత్తు ఏ వారమగునో యా వారాధిపతి సంవత్సరమునకు రాజు, మేషసంక్రమణదినపు వారాధిపతి మంత్రి, సింహసంక్రమణమునది సేనాధిపత్యము, రవి యార్ద్రయందుఁ బ్రవేశించు దినమున కధిపతి యగువాఁడు మేఘములకు నధిపతి. క్రోధిసంవత్సరాది 2024 ఏప్రిల్ 9 వ తేది మంగళవారమగుటచేఁ గుజుఁడు రాజయ్యెను. విశ్వావసుసంవత్సరాది 2025 మార్చి 30 వ తేది యాదివారమగుటచే రవి రాజయ్యెను. ఇట్టి రాజ్యమునకు శౌర్యము గాని ప్రజామోదము గాని యక్కఱలేదు, వారమే చాలును.

ప్రతిరాశికి నాదాయవ్యయములు చెప్పుట ఫలభాగమునం దందఱు నెదురుచూచు ఘట్టము. ఆదాయపు లెక్క యిట్టిది. రాశ్యధిపతికిని వర్షాధిపతికిని నష్టోత్తరీదశయందుఁ గల సంవత్సరములను గూడి, మూఁట హెచ్చించి, ఐదు కలిపి, పదునేనిట భాగింపఁగా మిగులు శేషమే యాదాయము. క్రోధియందు రాజు కుజుఁడు, ఆయన దశ 8 ఏండ్లు. మేషమునకు నధిపతి కుజుఁడే. రెండెనిమిదులు 16, మూఁట హెచ్చింప 48, ఐదు కలుప 53, శేషము 8. వృషభాధిపతి శుక్రునకు 21 ఏండ్లు, కుజుని 8 తోఁ గూడ 29, హెచ్చింప 87, కలుప 92, శేషము 2. ఆ యేఁటి పంచాంగములలో మేషమునకు 8, వృషభమునకు 2 అని యుండుట యిందువలననే.

ఈ లెక్క నొక్కమాఱు చేసి చూచినవారి కొక చిత్రము తోఁచును. మూఁటిచే హెచ్చించినదాని కైదు కలిపి పదునేనిట భాగించినయెడల శేషము 2, 5, 8, 11, 14 అను నైదంకెలలో నొకటి యగునే కాని మఱియొకటి కానేరదు. పది రూపాయల యాదాయము ఏ రాశివానికిని నేయేఁటను రాదు. పండ్రెండును రాదు. వ్యయపు వరుసయందును నీ యంకెలే తిరుగుచుండును. మఱియు రెండేసి రాశులకు నధిపతి యొకఁడే యగుటచే మేషవృశ్చికములకును, వృషభతులలకును, మిథునకన్యలకును, ధనుర్మీనములకును, మకరకుంభములకును నాదాయ మెల్లపుడు సమానమే. కర్కాటకసింహములు మాత్ర మొంటరివి. క్రోధియందుఁ గర్కాటకమునకు 14, సింహమునకు 2, విశ్వావసునందుఁ గర్కాటకమునకు 8, సింహమునకు 11. ప్రతియేఁటను దన రాశి యంకె విని సంతసించువారును గుందువారును నూఱులకొలఁది శ్రవణములలోఁ గనఁబడుదురు గాని, ఐదే యంకెలు తిరుగుచున్నవని గుర్తించిన శ్రోతలు విరళులు. ఈ లెక్కలో మనుష్యుని పాటునకుఁ దావు లేదు. అతని దోషమునకును దావు లేదు.

ఇందుఁ గర్త యెవఁడు? "ఆదాయము 8" అనునది క్రియలేని వాక్యము. ఇచ్చువాఁ డెవఁడో చెప్పఁబడలేదు. ఇంతకంటె నాశ్చర్యకరమైనది రాజపూజ్యావమానముల వరుస. అవమాన మనఁగాఁ దక్కువచూపు చూచుట. చూచువాఁడు లేక యది పుట్టదు. పంచాంగమున "అవమానము 6" అని యుండునే కాని యవమానించువాఁ డెవఁడో యుండదు. సంస్కృతధాతువు కోరు కర్తను సిద్ధాంతి నిశ్శబ్దముగాఁ దొలఁగించినాఁడు. ఇది యాతని లోపమని యెన్నరాదు. ఆఱు అవమానములు వ్రాసి, అవి యెవరివలనఁ గలుగునో కూడ వ్రాసియుండినచో నూరిలో నిలువఁగలుగు పంచాంగ మొక్కటియు నుండెడిది కాదు.

క్రియ యున్న వాక్యములలో నింకొక చిక్కు కలదు. "అగ్నిభయము కలుగును", "సస్యములు ఫలించును" అనునవి ఫలభాగమునఁ బరిపాటి. 1858 నాఁటి బాలవ్యాకరణమునుబట్టి యిట్టి యుకారాంతక్రియ తద్ధర్మార్థకము. అగ్ని కాల్చును, నీరు పల్లమునకుఁ బాఱును అనునవి యెట్లు స్వభావమును జెప్పునో యట్లే కుజుఁడు రాజగుచో నగ్నిభయము కలుగుననునదియు శాస్త్రసిద్ధమనుకొన్న స్వభావమును జెప్పునది. రానున్న యొక సంగతిని జెప్పవలెనన్నఁ "గలుగఁగలదు" అని భవిష్యద్రూపము వేఱుగాఁ గలదు. కావున సిద్ధాంతి చెప్పినది యొక నియమము. శ్రోత విన్నది యొక జోస్యము. శ్రోతను మాత్రమే తప్పుపట్టుటయు న్యాయము కాదు. నేఁటి వ్యవహారమునఁ "గలుగుతుంది" అను నొకే రూపము స్వభావమునకును భవిష్యత్తునకును జెల్లుచున్నది. రెండర్థములును నొకే పాత్రలోఁ బోసి యిచ్చిన పిదప వేఱుచేసి త్రాగుమనుట యెట్లు?

ఉగాదినాఁడు ప్రభుత్వము పక్షమున నొక శ్రవణము, రాజకీయపక్షముల కార్యాలయములలో వేఱువేఱు శ్రవణములు జరుగుచున్నవి. రాజొకఁడే, మంత్రి యొకఁడే, అంకెలు నవియే. ఫలము మాత్రము సభ నలంకరించినవారినిబట్టి మాఱుచుండును. ఆస్థానకవిత్వ మంతరించెనని చింతించువా రా యుదయమునఁ గొంత యూఱడిల్లవచ్చును.

ఋతువులకుఁ జెందిన నిషేధములును గర్తలేని వాక్యములే. గురుఁడు గాని శుక్రుఁడు గాని సూర్యసామీప్యమువలనఁ గనఁబడకుండుట మౌఢ్యము, జనులు మూఢమందురు. మూఢము వచ్చినదందురు, పోయినదందురు. ఆ దినములలో వివాహములు లేక మేళగాండ్రును వంటవారును బందిళ్లవారును బనిలేక కూర్చుందురు. వారికిఁ గలుగు నష్టము నిజమైనదే. అయినను వారు మూఢమును దెచ్చినవాఁ డెవఁడని వెదకరు. ఆషాఢముకూడ నట్టిదే. ఆ నెలలో గర్భము నిలిచినఁ బ్రసవము నడివేసవిలో నగునని పెద్దలు చెప్పు కారణము చెప్పఁబడినను జెప్పఁబడకున్నను, అత్తవారింట నెవరును నిందపాలు గారు. కర్తరి మఱియొకటి. రవి భరణి మూఁడవపాదమునఁ బ్రవేశించినది మొదలు రోహిణి మొదటిపాదము దాఁటువఱకు, అనఁగా మే మొదటివారమునుండి యా నెల చివరివఱకు, నూతులు త్రవ్వుట, ఇండ్లు కట్టుట, చెట్లు నఱకుట కూడదందురు. ఎండ లెక్కువగా నుండు దినములివి. కూలివాని వీఁపునకు నీ నిషేధము మేలే చేసినది. ఈ కర్తరి కత్తెరకుఁ బేరైన స్త్రీలింగశబ్దము. కర్తృశబ్దమునకు సప్తమ్యేకవచనమును "కర్తరి" యే. కర్తరిప్రయోగ మనుచోట నుండునది యదియే. ఉచ్చారణ యొకటే యైనను, వేసవికర్తరియందుఁ గర్త లేఁడు.

దినపత్రికల రాశిఫలములఁ గుఱించి చెప్పవలసినది కొంచెమే. లండనునందలి యొక వారపత్రిక 1930 లో రాజకుమారి మార్గరెట్టు జన్మమును బురస్కరించుకొని ఫలములు ప్రకటించినది మొద లీ వాడుక పాశ్చాత్యపత్రికలలోఁ బ్రబలినది. అక్కడిది సూర్యరాశి, తెలుఁగువారిది నామనక్షత్రములనుబట్టి వచ్చు చంద్రరాశి. శైలి మాత్రము విమర్శింపఁదగినది. ఆకస్మికధనలాభము, వృథాప్రయాణము, బంధువులతో మాటపట్టింపు అని నామపదము లొకదానివెంట నొకటి పేర్పఁబడియుండును. క్రియ లేదు, కాలము లేదు, కర్త లేఁడు. పండ్రెండు రాశులకును బంచిపెట్టినను దఱుగని సరకు. మాటపట్టింపు ఏ బంధువుతోనో చెప్పనంతవఱ కది నిరపాయము.

ఇఁక దిష్టి. దృష్టిశబ్దమునుండి పుట్టిన యీ మాటయందుఁ జూచిన కన్ను తప్పక యుండవలెను. గాలికిఁ గన్ను లేదు, గ్రహమునకుఁ గన్ను లేదు. దిష్టికి మనుష్యుఁడు కావలెను. కాఁబట్టి యాపద యిక్కడనే మొదలు గావలసినది. అట్లు కాకుండుటకుఁ గారణము దిష్టి తీయు స్త్రీల మాటలలో నున్నది. ఉప్పును మిరపకాయలును జేతఁబట్టి బిడ్డచుట్టుఁ ద్రిప్పుచు వారు చెప్పు వరుసలో నిరుగువారు కలరు, పొరుగువారు కలరు, వచ్చినవారు కలరు, పోయినవారు కలరు, తండ్రి కలఁడు, తల్లియుఁ గలదు. త్రిప్పుచున్న చేయి యెవ్వరిదో యామె దిష్టియు నందుఁ జేరును. బిడ్డను మిక్కిలి ముద్దుగాఁ జూచినది తల్లియే కదా. కర్తలు లెక్కకు మిక్కిలియై తానును నందొకతె యగుటచే నే యొక్కరిమీఁదను వ్రేలు చూపుటకు వీలులేకపోయినది. సంక్రాంతికి ముందుదినమున భోగిపండ్లు పోయునపుడును నిదియే తీరు. ఊరివారినందఱను బేరంటమునకుఁ బిలిచి, వారి కన్నులయెదుటనే వారి కన్నుల దోషమును దీసివేయుదురు. పిలువఁబడినవారు నవ్వుచుఁ దాంబూలము పుచ్చుకొని పోవుదురు. కర్తృపదమును బహువచనముచేసి విషము విఱిచిన యీ యుపాయము నే పండితుఁడు కల్పించినదియుఁ గాదు.

దేవతాకర్తృకవాక్యములు వేఱొక జాతి. మసూచి ప్రబలియుండిన దినములలో "అమ్మవారు పోసినది" అనుచుండిరి. మసూచి భారతదేశమున 1975 తరువాత లేదు. లోకమందే లేదని 1980 లోఁ బ్రకటింపఁబడినది. వ్యాధి పోయినను వాక్యము పోలేదు. ఆటలమ్మకు నిప్పటికిని జెల్లుచున్నది. ఇందుఁ గర్త కలదు, పేరు గలది, శక్తిమంతురాలు. అయినను ఆమెను దండింపఁబోవువాఁ డుండఁడు. వేపరెమ్మలు తెత్తురు, చలివి పెట్టుదురు. సికింద్రాబాదు ఉజ్జయినీమహాకాళి కోవెలయందు ఆషాఢపు బోనముల మఱునాఁడు జరుగు రంగమున నీ జాతివాక్యము నిండురూపము దాల్చును. పచ్చికుండమీఁద నిలిచిన స్త్రీ యా యేఁటి వానలను, రోగములను గూర్చి పలుకును. అమ్మవారు తానై పలుకుటచేత "నేను" అనును. తనకుఁ జేయవలసినవి సరిగాఁ జేయలేదని కూడినవారిని "మీరు" అని యెత్తిపొడుచును. ఉత్తమపురుషయు మధ్యమపురుషయు నున్నవి, ప్రథమపురుష లేదు. తప్పు జరిగినచో నందఱిదియు, కాపాడునది తాను. సభలో లేని మూఁడవవాని నామె చూపదు.

ఆధునికసాహిత్యము ఈ విషయముఁ జూచిన తీరును నించుక విచారింపవలసియున్నది. 1880 లోఁ బుస్తకరూపము దాల్చిన వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రమున బైరాగి బంగారము చేసెదనని నమ్మించి, ఉన్న బంగారముతోఁ బాఱిపోవును. అప్పారావుగారి కన్యాశుల్కమునఁ బూజారి గవరయ్య పిశాచమును సీసాలో బంధించితినని చెప్పుకొనును. ఈ రచనలు చేసిన మేలు చిన్నది గాదు. మంత్రగాఁడు నవ్వులపాలగుట తెలుఁగున వీనితోడనే స్థిరపడినది. ఐనను ఈ హాస్యమునకుఁ గావలసినవా రిరువురే, మోసగాఁడును మోసపోయినవాఁడును. పోయినది సొమ్ము, చెడినది పరువు. నింద మోసి ప్రాణములు పోఁగొట్టుకొన్న మూఁడవమనుష్యుఁ డీ కథలకుఁ బ్రధానవస్తువు కాలేదు. నవ్వు చేరలేని చోటు కాఁబట్టి కాలేదని సమాధానము చెప్పవచ్చును. అయినచో హాస్యముతోనే తీఱిపోయినదని యీ విషయమును విమర్శకులు ప్రక్కకుఁ బెట్టుట తొందరపాటు.

ఆ మూఁడవమనుష్యునిఁ దెచ్చునది చేతబడి. కోస్తాలోఁ జిల్లంగి యనియుఁ దెలంగాణమున బాణామతి యనియు దీనికిఁ బేర్లు. చేయు ధాతువునకు భావార్థకమైన చేఁత యందు నరసున్న కలదు. తృతీయావిభక్తియగు చేత యందు లేదు. వ్యుత్పత్తి యే త్రోవఁ బట్టినను మాట మాత్రము చేసినవానిని వెంటఁబెట్టుకొనియే వచ్చును. దశ తానుగా మాఱును, మూఢము తానుగా వచ్చును, గాలి తానుగా సోఁకును. చేతబడి తానుగాఁ గాదు. "చేసిరి" అనునది సకర్మకక్రియ, అందును భూతకాలము. జోస్యము తప్పిపోవచ్చును, తప్పిపోవువఱకు వేచియుండవచ్చును. జరిగిపోయినదని చెప్పఁబడినదానికిఁ దప్పిపోవుట లేదు, వేచియుండుటయు లేదు. అందుచేత నీ వాక్యము విన్నవా రూరకుండలేరు. "ఎవరు?" అను ప్రశ్న వ్యాకరణమే పుట్టించును.

భూతవైద్యుఁ డా ప్రశ్నకు సూటిగా బదులు చెప్పుట యరుదు. తూర్పుదిక్కున నుండునందురు, నల్లని మనిషి యందురు, మీవారే యందురు. విశేషణములు వైద్యునివి, విశేష్యమును బూరించునది యింటివారు. గట్టు తగవున్న దాయాది, ఏకాకియైన విధవ, అప్పు తిరుగ నడిగిన ముసలి, ఎవరో యొకరు విశేషణములకు సరిపోవుదురు. వైద్యుఁ డెవరి పేరును జెప్పలేదు. ఇంటివారు తాము కల్పించితిమనుకొనరు. కర్తృపద మెవరిచేఁ జెప్పఁబడకయే సిద్ధమైనది. పిదప జరుగునది వార్తాపత్రికల యందుఁ బలుమాఱు చదువఁబడినదే: కొట్టుట, తగులఁబెట్టుట. జాతీయనేరనమోదుకార్యాలయము హత్యాకారణముల పట్టికలో దీని కొక వరుస వేఱుగా నుంచినది.

తెలంగాణమున నిట్టి నింద మోసినవారి పండ్లూడఁబెఱికిన సంగతులు కలవు. మంత్రము సరిగా నుచ్చరింపఁజాలకుండుటకై యట్లు చేయుదురు. శిక్షాశాస్త్రమున దంత్యములకు స్థానము పండ్లని బాలురు చదువుదురు. త, థ, ద, ధ, న, ల, స లను వానికిఁ బండ్లు కావలెను. ఆ శాస్త్ర మెన్నఁడును జదువనివా రీ సూక్ష్మము నెఱిఁగి, మంత్ర మెఱుఁగని ముసలివాని నోట దాని నమలుచేసిరి. ఆ నోట మంత్రమున్నట్లు సాక్ష్య మేమి యనఁగా మఱల నా వాక్యమే: ఎవరో చేసిరి.

అభిచారము వేదమందే కలదు కదా యని సమర్థించు పండితులును గలరు. వారు శ్యేనయాగమును జూపుదురు. శత్రువును జంపఁగోరువానికి శ్యేనము చెప్పఁబడినమాట నిజమే. మీమాంసకు లీ వాక్యమును గూర్చి చేసిన విచారమును మాత్రము వారు చెప్పరు. శబరస్వామి భాష్యమున శ్యేన మనర్థముగనే యెన్నఁబడినది. హింస కర్తవ్యమని విధింపఁబడలేదు, హింసింపఁగోరువాని కుపాయము మాత్రము చెప్పఁబడినది. కోరుమని వేదము చెప్పలేదు. ఇంతకును శ్యేనమునఁ గర్త యజమానుఁడు. తానే సంకల్పము చెప్పుకొని తానే యగ్నియెదుటఁ గూర్చుండువాఁడు. గ్రామమున నిందింపఁబడువాఁడు సంకల్పము చెప్పుకొన్నవాఁడు కాఁడు, ఇతరులచేఁ గర్తగా వివక్షింపఁబడినవాఁడు. ఈ రెంటికిఁ బోలిక పేరునందే కాని మఱెందును లేదు.

శాసనకర్త లీ భేదమును గొందఱు పండితులకంటెఁ జక్కఁగా గ్రహించినట్లు కనఁబడును. బీహారు రాష్ట్రము 1999 లోఁ జేసిన శాసనమున మంత్రగత్తెయని యొకరిని బేర్కొనుటయే నేరము. కొట్టుట, హింసించుట వేఱు సెక్షనులలోఁ జెప్పఁబడినవి. వాని దాఁక రానక్కఱలేదు. పేరు పెట్టిన వాక్యము పూర్తియగుటతోనే నేరమును బూర్తియగును. దానికి మూఁడునెలలవఱకుఁ జెఱ గాని, వేయిరూపాయలవఱకు జరిమానా గాని, ఆ రెండును గాని విధింపవచ్చును. ఛత్తీస్‌గఢ్ 2005 లోఁ జేసిన శాసనమునఁ దోనహీ యని పేరుపెట్టినవాని కది మూఁడేండ్లవఱకుఁ బెరిఁగినది.